వాయిదా తప్పితే...

(రేడియోలో స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈవేళ నేను మాట్లాడబోయే విషయం వినగానే మీలో కొందరు, "ఇదేమిటమ్మా, కోర్టులూ వాయిదాలూ మనకెందుకు? అవి మగవాళ్ళు చూసుకునే వ్యవహారాలు కదా" అనుకోవచ్చు. నిజమే, చాలా సందర్భాల్లో కోర్టుకు వెళ్ళేది మగవాళ్ళే. కానీ వాయిదా తప్పిన తర్వాత పోలీసులు వచ్చి తలుపు తడితే, ఆ తలుపు తీసేది ఎవరు? మనమే. జామీను నిలిచిన బంధువు ఇంటినుంచి "ఆయన యాడికి పోయినాడు?" అని ఫోను వస్తే జవాబు చెప్పుకోవలసింది ఎవరు? అదీ మనమే. కనుక ఈ సంగతి మనకు తెలిసి ఉండాలి.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల్లో మన బంధువర్గంలో ఎవరో ఒకరికి ఏదో ఒక కేసు ఉండనే ఉంటుంది. ఒకరికి పొలం గట్టు తగాదా. ఇంకొకరికి చెక్కు చెల్లలేదన్న కేసు. మరొకరికి రోడ్డు మీద జరిగిన యాక్సిడెంటు. వీళ్ళెవరూ గజదొంగలు కారు, మన మధ్య బతికే మనుషులే. కేసు కంటే వాయిదా తప్పడం వల్లనే ఇటువంటి వాళ్ళు ఎక్కువ చిక్కుల్లో పడే ప్రమాదం ఉంది.

ముందు బెయిలు అంటే ఏమిటో చూద్దాం. మనిషి ఇంటికి రాగానే, "అమ్మయ్య, పీడ వదిలింది" అని దేవుడికి టెంకాయ కొడతాం. కానీ బెయిలు వచ్చిందంటే కేసు పోయిందని కాదు. కోర్టు ఆ మనిషిని ఒక మాట మీద వదిలిపెట్టిందని అర్థం. ఆ మాట ఇచ్చింది ఒక్కరు కాదు, ఇద్దరు. ముద్దాయి, "పిలిచిన ప్రతి వాయిదాకూ హాజరవుతాను, కాకపోతే ఇంత సొమ్ము చెల్లించుకుంటాను" అని బాండు రాసి ఇస్తాడు. జామీనుదారు, "ఇతను హాజరవుతాడని నాదీ పూచీ, కాకపోతే ఇంత సొమ్ము నేను కడతాను" అని రాసి ఇస్తాడు. మనం పెళ్ళిమాటల్లో ఇచ్చే మాట లాంటిది కాదు ఇది, కాగితం మీద సంతకంతో ఇచ్చిన మాట.

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది కల్పించి చెప్పేదే, ఎవరినీ ఉద్దేశించింది కాదు. చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ నుంచి లోడు తోలే లారీ డ్రైవరు ఒకాయన ఉన్నాడు. ప్రొద్దుటూరు పొలిమేరలో ఆయన లారీ స్కూటరుకు తగిలి, స్కూటరు మనిషికి కాలు విరిగింది. కేసు పెట్టారు. అటువంటి కేసులో బెయిలు హక్కుగా వస్తుంది. డ్రైవరు భార్యకు ప్రొద్దుటూరులో తమ్ముడు ఉన్నాడు. బట్టల కొట్టులో గుమాస్తా, చిన్న సొంత ఇల్లు. ఇంటి పన్ను రసీదు పట్టుకుని వెళ్ళి అతను జామీను నిలిచాడు. అతని భార్యకు లోపల బెదురే. "వదినా, సంతకం పెడితే మాకేమీ కాదు కదా?" అని అడిగింది. "ఏం కాదులేమ్మా, నీకెందుకు భయం" అంది ఈవిడ.

రెండు మూడు వాయిదాలు సక్రమంగానే జరిగాయి. నాలుగో వాయిదా నాటికి డ్రైవరు మద్రాసు లోడు మీద ఉన్నాడు. సరుకు దింపడం ఆలస్యమైంది. "ఒక్క వాయిదానే కదా, పోయేసారి పోదాంలే" అనుకున్నాడు. ప్లీడరుకు ఫోను కూడా చేయలేదు.

ఆ రోజు కోర్టులో ఏమవుతుంది? పేరు పిలుస్తారు, మనిషి లేడు. మిగతా కేసులు చూసి మళ్ళీ పిలుస్తారు, అప్పుడూ లేడు. ప్లీడరు లేచి, "ఫలానా కారణం వల్ల ఈ ఒక్కరోజుకు రాలేకపోయాడు, మన్నించండి" అని పిటిషను వేస్తే, కారణం సబబుగా ఉంటే, మేజిస్ట్రేటు ఆ పూటకు హాజరు మినహాయించవచ్చు. కోర్టువాళ్ళు దీన్నే ఆబ్సెంటు పిటిషను అంటారు. ఇక్కడ ఆ పిటిషనూ లేదు, కబురూ లేదు. అప్పుడు వారంటు ఇస్తారు.

వారంటు రెండు రకాలు. బెయిలబుల్ వారంటు అయితే, వచ్చిన పోలీసుకే జామీను రాసిచ్చి, ఫలానా తేదీకి కోర్టుకు వస్తానని ఒప్పుకుంటే సరిపోతుంది. నాన్‌బెయిలబుల్ వారంటు అయితే మనిషిని పట్టుకుని కోర్టు ముందు నిలబెడతారు. స్వేచ్ఛకు సంబంధించిన సంగతి కనుక ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారంటు, అప్పటికీ రాకపోతే నాన్‌బెయిలబుల్ వారంటు అన్న వరస పాటించడం మంచిదని సుప్రీంకోర్టు 2007లో ఇందర్ మోహన్ గోస్వామి కేసులో చెప్పింది. కానీ బెయిలు మీద ఉండి కావాలనే తప్పించుకుంటున్నాడని మేజిస్ట్రేటుకు తోస్తే, మొదటిసారే నాన్‌బెయిలబుల్ వారంటు ఇవ్వడానికీ అధికారం ఉంది.

వారంటుతో అయిపోయిందా అంటే, కాలేదు. మాట తప్పినట్లు కోర్టు నమోదు చేసిందంటే బాండు రద్దయిపోతుంది. ముద్దాయి బాండూ పోతుంది, జామీనుదారు బాండూ పోతుంది. అంతకుముందు హక్కుగా వచ్చిన బెయిలు, అదే కేసులో మరోసారి అడిగితే కోర్టు ఇవ్వకపోవచ్చు. ఇచ్చినా కొత్త బాండు, కొత్త జామీను తెమ్మంటుంది. ఒకసారి చేదు తిన్న చుట్టం రెండోసారి జామీను నిలుస్తాడా?

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. బెయిలు మీద ఉండి, తగిన కారణం లేకుండా కోర్టుకు రాకపోవడం దానికదే వేరే నేరం. 2006 జూన్ 23 నుంచి భారత శిక్షాస్మృతిలో 229ఎ అనే సెక్షనుగా ఇది ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇది 269వ సెక్షను. ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తగిన కారణం ఉందని రుజువు చేసుకోవలసిన భారం కూడా ముద్దాయి మీదనే పెట్టారు. అంటే, అసలు కేసులో నిర్దోషి అని తేలే మనిషి కూడా వాయిదా ఎగ్గొట్టినందుకు శిక్ష పడి జైలుకు పోవచ్చు. చూశారా, ఎంత అన్యాయంగా కొనితెచ్చుకున్నట్లవుతుందో!

ఇక ప్రొద్దుటూరులో ఉన్న ఆ తమ్ముడి సంగతి. ఒకనాడు వాళ్ళింటికి కోర్టు నోటీసు వస్తుంది. "నీవు పూచీ పడిన మనిషి హాజరు కాలేదు. బాండు సొమ్ము కట్టు, లేదా ఎందుకు కట్టనక్కరలేదో వచ్చి చెప్పు" అని ఉంటుంది అందులో. అతను వెళ్ళి సరైన సంజాయిషీ చెప్పుకుంటే, మనిషిని తెచ్చి హాజరు పరిస్తే, కోర్టు ఆ సొమ్ములో కొంత తగ్గించవచ్చు. ఆ ఉత్తర్వు మీద అప్పీలు కూడా చేసుకోవచ్చు. నోటీసును అటక మీద పడేస్తే మాత్రం జరిమానా వసూలు చేసినట్లే ఆ సొమ్ము వసూలు చేస్తారు. ఎటూ వసూలు కాకపోతే జామీనుదారును ఆరు నెలల దాకా సివిలు జైల్లో ఉంచడానికి చట్టం ఒప్పుకుంటుంది. లారీ నడిపింది ఒకరు, వాయిదా తప్పింది ఒకరు, చిక్కుకున్నది బట్టల కొట్టు గుమాస్తా. అప్పుడు ఆ మరదలు వదినగారి మొహం ఎట్లా చూస్తుంది? అమెరికాలో డబ్బు పుచ్చుకుని జామీను నిలిచే కంపెనీలు ఉన్నాయి, అక్కడ అదొక వ్యాపారం. మన దగ్గర జామీను నిలిచేది చుట్టరికం. అందుకని వాయిదా తప్పితే సొమ్ముతో పాటు చుట్టరికమూ పోతుంది.

"కొన్నాళ్ళు కనపడకుండా ఉంటే కోర్టువాళ్ళే మర్చిపోతారు" అని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆ మాట నమ్మవద్దు. వారంటుకు గడువు లేదు. దాన్ని అమలు జరిపేదాకానో, ఇచ్చిన కోర్టు రద్దు చేసేదాకానో అది బతికే ఉంటుంది. అప్పటికీ దొరక్కపోతే కోర్టు ప్రకటన జారీ చేస్తుంది. ముప్ఫై రోజులకు తగ్గని గడువు ఇచ్చి, ఆ ప్రకటనను ఊళ్ళో నలుగురూ వినేటట్లు చదువుతారు, ఇంటికి అంటిస్తారు, కోర్టులోనూ అంటిస్తారు. ఆస్తి జప్తు కూడా చేయవచ్చు. ఆ ప్రకటనకూ హాజరు కాకపోతే మూడేళ్ళ దాకా జైలు పడగల మరొక నేరం అవుతుంది. చిన్న యాక్సిడెంటు కేసు ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో చూడండి.

పెద్దవాళ్ళకు ఇవన్నీ వర్తించవని అనుకుంటారు కొందరు. రెండు పక్షాలనుంచీ చెరొక సంగతి చెప్తాను. రాజకీయం కోసం కాదు, వాయిదా ఎంత గట్టిదో తెలియడానికి. 2010 జూలైలో బాబ్లీ ప్రాజెక్టు దగ్గర నిరసనకు వెళ్ళిన చంద్రబాబు నాయుడు గారినీ, ఆయన పార్టీ వారినీ మహారాష్ట్రలో అరెస్టు చేశారు. ఎనిమిదేళ్ళ తర్వాత, 2018 సెప్టెంబరులో, ఆయన ముఖ్యమంత్రిగా ఉండగా, ఆ కేసులో హాజరు కాలేదని ధర్మాబాద్ కోర్టు నాన్‌బెయిలబుల్ వారంటు ఇచ్చింది. అది బెయిలు తప్పిన కేసు కాదు. కానీ కేసు పాతబడినంత మాత్రాన కోర్టు మర్చిపోదని దానివల్ల తెలుస్తుంది.

రెండోది మన జిల్లాదే. వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి గారికి 2013 సెప్టెంబరులో సి.బి.ఐ. కేసుల్లో బెయిలు వచ్చింది. 2017 నవంబరు 6న ఇడుపులపాయలో ఆయన పాదయాత్ర మొదలుపెట్టే ముందు, వారం వారం హాజరు నుంచి మినహాయింపు కోరితే హైదరాబాదులోని సి.బి.ఐ. కోర్టు ఒప్పుకోలేదు. అందుకని శుక్రవారం వాయిదాల కోసం నడక ఆపి హైదరాబాదు వెళ్ళి, హాజరై, తిరిగి వచ్చి మళ్ళీ నడిచేవారు. ముఖ్యమంత్రి అయ్యాక 2019 నవంబరులో మరోసారి అడిగితే కూడా ఆ కోర్టు కాదంది. చివరకు 2022లో తెలంగాణ హైకోర్టు మినహాయింపు ఇచ్చింది. కేసుల మంచిచెడ్డలు చెప్పవలసింది కోర్టు, మనం కాదు. మనం గమనించవలసింది ఇంతే. రాలేకపోతే ముందుగా కోర్టును అడగాలి, కోర్టు ఒప్పుకునేదాకా వెళ్ళి తీరాలి. ముఖ్యమంత్రికైనా, లారీ డ్రైవరుకైనా దారి అదే.

మరి పొరపాటున వాయిదా తప్పిపోయింది. ఏం చేయాలి? ఇదే నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది. దాక్కోవద్దు. ఆ రోజే, వీలుకాకపోతే మరునాడే, ప్లీడరును వెంటబెట్టుకుని మనిషి తనంతట తాను కోర్టుకు వెళ్ళాలి. వారంటు రద్దు చేయమని పిటిషను వేయాలి. దీన్ని వారంటు రీకాల్ అంటారు. కారణానికి కాగితం ఉండాలి. జ్వరమైతే డాక్టరు చీటీ, ఆస్పత్రిలో చేరితే డిశ్చార్జి కాగితం, బండి చెడిపోతే మెకానిక్ షాపు రసీదు, ఇంట్లో ఎవరైనా పోతే మరణ ధృవపత్రం. దొంగ సర్టిఫికెట్టు మాత్రం పెట్టవద్దు, అది మరో కేసు తెచ్చిపెడుతుంది. పోలీసులు పట్టి తెచ్చిన మనిషినీ, తనంతట తాను వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషినీ ఏ మేజిస్ట్రేటూ ఒకే కంటితో చూడడు. వెంటనే వచ్చాడనీ, ఇంతకుముందు ఎప్పుడూ తప్పలేదనీ తెలిస్తే వారంటు రద్దు చేసి, పాత బాండు మీదనే పోనిచ్చే అవకాశం ఉంటుంది. నెలలు గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఈలోపల పోలీసులు ఇంటికి వస్తే? కంగారు పడవద్దు. వారంటు తెచ్చినవాళ్ళు అందులో ఏముందో చెప్పాలి, అడిగితే చూపించాలి. మర్యాదగా అడిగి కేసు నంబరు, కోర్టు పేరు రాసుకోండి. అందులో పేరున్న మనిషి ఇంట్లో ఉన్నాడని నమ్మకం ఉంటే లోపలికి వచ్చి వెదికే అధికారం వాళ్ళకు ఉంది, అడ్డుపడవద్దు. కానీ ఆయన దొరకలేదని ఆయన బదులు కొడుకునో తమ్ముణ్ణో తీసుకుపోయే అధికారం ఆ వారంటు ఇవ్వదు. ఒకవేళ వారంటు ఆడమనిషి పేరనే ఉంటే, పొద్దు కుంకిన తర్వాత, పొద్దు పొడవక ముందు ఆమెను అరెస్టు చేయకూడదు. అసాధారణమైన పరిస్థితి అయితే, మహిళా పోలీసు అధికారి ముందుగా మేజిస్ట్రేటు అనుమతి తీసుకుని రావాలి. ఇంకొక మాట. వారంటు ఉన్న మనిషిని తెలిసి తెలిసి దాచిపెట్టడం నేరం కావచ్చు. చట్టం భార్యాభర్తలకు మాత్రమే ఇందులో మినహాయింపు ఇచ్చింది, అత్తగారికీ మేనమామకూ ఇవ్వలేదు. "మా ఇంట్లో నాలుగు రోజులు ఉండనీలే" అని తలదాచే బంధువులకు ఈ సంగతి చెప్పండి.

ఇవన్నీ రాకుండా చూసుకోవడం మన చేతుల్లో కొంత ఉంది. పాల లెక్క, గ్యాసు తెచ్చిన తేదీ రాసుకునే క్యాలెండరు మీదే వాయిదా తేదీ కూడా రాయండి. రెండు రోజుల ముందు ఇంటాయనకు గుర్తు చేయండి. కేసుకు సి.ఎన్.ఆర్. నంబరు అని పదహారు అక్షరాలూ అంకెలూ కలిసినది ఒకటి ఉంటుంది. దాన్ని ప్లీడరును అడిగి రాసి పెట్టుకోండి. సెల్‌ఫోనులో ఈకోర్ట్స్ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో కనపడుతుంది. ఇంట్లో పదో తరగతి చదివే పిల్లవాడు ఉంటే చాలు, చూసిపెడతాడు. పని మీద దూరం పోవలసి వస్తే ముందే ప్లీడరుకు చెప్పి పిటిషను వేయించాలి. కొత్త చట్టం ప్రకారం, కోర్టు అనుమతిస్తే వీడియోలో కనపడినా హాజరైనట్లే. ఇల్లు మారితే కొత్త చిరునామా కోర్టుకు తెలియజేయాలి. లేకపోతే సమన్లు పాత ఇంటి గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ప్లీడరు ఫీజు ఇచ్చుకోలేక వాయిదాకు పోకుండా ఉండేవాళ్ళూ ఉన్నారు. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు. షెడ్యూల్డు కులాల, తెగల వారికి, ఫ్యాక్టరీ కార్మికులకు, కస్టడీలో ఉన్నవారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి కూడా ఈ సదుపాయం ఉంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. జామీను నోటీసు మీ పేరనే వస్తే ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఇక జామీను నిలిచే ఇంటి ఇల్లాలికి నాలుగు మాటలు. ఎవరికి నిలుస్తున్నారు, ఎంత సొమ్ముకు, ఏ కోర్టులో, ఇవి తెలుసుకోకుండా సంతకం పెట్టనివ్వవద్దు. ఇంతకుముందు ఎంతమందికి జామీను నిలిచారో కూడా కోర్టుకు నిజం చెప్పాలి. ఆ మనిషి పారిపోయేటట్లు ఉన్నాడని అనుమానం వస్తే, జామీను నుంచి తప్పించమని ఎప్పుడైనా కోర్టును అడగవచ్చు. కోర్టు అతన్ని పిలిపించి వేరే జామీను తెమ్మంటుంది. అతను వాయిదా తప్పకముందే ఆ పని చేయాలి. జామీను నిలిచిన భర్త, బాండు సొమ్ము కట్టవలసిన పరిస్థితి రాకముందే పోతే, ఆయన ఆస్తి మీద ఆ బాధ్యత ఉండదు. ఈ సంగతి తెలియక భయపడే భార్యలకు మీరైనా ధైర్యం చెప్పండి.

చట్టం పేదవాడి మీద కత్తిగట్టి కూర్చుందని మాత్రం అనుకోవద్దు. 1978లో మధ్యప్రదేశ్‌కు చెందిన మోతీరాం అనే తాపీమేస్త్రీకి పదివేల రూపాయల జామీను అడిగారు. అన్న నిలుస్తానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు అది తప్పన్నారు. ఆంధ్రుడో తమిళుడో ఎక్కడో దూరప్రాంతంలో అరెస్టయితే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారును ఎక్కడినుంచి తెస్తాడని అడిగారు. వెయ్యి రూపాయల సొంత బాండు మీద మోతీరాంను వదలమన్నారు. బెయిలు వచ్చి నెలైనా జామీను ఇవ్వలేక జైల్లోనే ఉన్నవాళ్ళ విషయంలో షరతులు సడలించవచ్చునేమో కోర్టులే చూడాలని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే, డబ్బు లేనివాణ్ణి నమ్మడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఆ నమ్మకానికి బదులుగా అడిగేది ఒక్కటే, పిలిచిన రోజున రావడం.

చిలమకూరు డ్రైవరు మద్రాసునుంచి ప్లీడరుకు ఒక్క ఫోను చేసి ఉంటే, ప్రొద్దుటూరులో ఆ మరదలు ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయేది. మీ ఇంట్లో గానీ, చుట్టాల ఇంట్లో గానీ వాయిదా చీటీ ఉంటే ఈపూటే తీసి తేదీ చూడండి. దాటిపోయిందని తెలిస్తే ఎవరినీ తిట్టవద్దు, ఏడవవద్దు. పొద్దున్నే మనిషిని కోర్టుకు పంపండి. తోడు కావాలంటే మీరూ వెళ్ళండి.